సీటు పోతదని కదలకుంటే ఎట్ల?

గోదావరిఖనిలో బస్సెక్కితే హైదరాబాద్‌ చేరడానికి ఐదారు గంటలు. డ్యూటీ దిగి వచ్చిన సింగరేణి కార్మికుడైనా, పొలం పని ఆపుకొని వచ్చిన రైతైనా మధ్యలో బస్సాగితే దిగరు. ‘దిగితే సీటు పోతది’ అంటారు. ఆడవాళ్లైతే మరుగుదొడ్డికి తిప్పలని నీళ్లు కూడా ముట్టరు. ఇంటికొచ్చి, వాచిన కాళ్లకు నూనె రాసుకొని పడుకుంటారు. ఈ అలవాటు వెనుక ఒక ప్రమాదముంది.

బావి మీద మోటారు నడిపిన రైతుకు ఇది సులువుగా అర్థమవుతుంది. కాళ్లలోని రక్తాన్ని గుండె వైపు ఎత్తిపోసే మోటారు మన పిక్క కండరమే. సిరల్లోని కవాటాలు ఫుట్‌వాల్వుల్లాంటివి, పైకెక్కిన రక్తాన్ని కిందికి జారనివ్వవు. నడిస్తే మోటారు నడుస్తుంది, మోకాళ్లు మడిచి గంటల తరబడి కూర్చుంటే ఆగుతుంది. అప్పుడు లోపలి సిరలో రక్తం గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ముప్పు.

ఇది విమానమెక్కే వారి జబ్బని అనుకోవద్దు. 1940లో లండన్‌పై బాంబులు పడుతున్నప్పుడు షెల్టర్లలో రాత్రంతా కుర్చీల్లో గడిపినవారిలో ఇలాంటి మరణాలను డాక్టర్‌ కీత్‌ సింప్సన్‌ నమోదు చేశారు. నాలుగు గంటలు, అంతకు మించి కదలకుండా ప్రయాణిస్తే బస్సైనా, రైలైనా, విమానమైనా ముప్పు సుమారు రెట్టింపవుతుందని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపింది. ఆరోగ్యంగా ఉన్నవారిలో 6,000 మందిలో ఒకరికే కనుక బెంబేలు పడనక్కర్లేదు. కానీ ఇటీవల ఆపరేషన్‌ అయినవారు, కాలికి సిమెంటు కట్టు ఉన్నవారు, గర్భిణులు, బాలింతలు, కాన్సర్‌ రోగులు జాగ్రత్త పడాలి. పట్నంలో ఆపరేషన్‌ చేయించుకొని బస్సులో తిరిగొచ్చేవారిని రోజూ చూస్తున్నాం కదా!

కూర్చున్నచోటే మడమలు, వేళ్లు మార్చి మార్చి ఎత్తుతుండాలి. ఒక కాలే వాచి పిక్క నొప్పి పెడితే మర్దన చేయకుండా డాక్టరుకు చూపించాలి. ప్రయాణం అయిన కొన్ని వారాలకైనా ఇది రావచ్చు. ఆయాసం, ఛాతీనొప్పి వస్తే వెంటనే 108కు ఫోన్‌ చేయాలి.

2023 డిసెంబరు 9న రాష్ట్రంలో ఆడవాళ్లకు ఆర్టీసీ ఉచిత ప్రయాణం మొదలైంది. మంచిదే. టికెట్‌ మాఫీ చేసిన సర్కారు దారిలో శుభ్రమైన మరుగుదొడ్డి కూడా చూపాలి. దూరపు బస్సును రెండు గంటలకోసారి పది నిమిషాలైనా ఆపాలి. దిగినవారి సీటు వారిదేనని కండక్టరు గట్టిగా చెప్పాలి. ఇందుకు పెద్ద ఖర్చేమీ కాదు.