చప్పట్లు కొట్టే ముందు

మహిళా సంఘం మీటింగు, స్కూల్లో పేరెంట్స్ మీటింగు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగు... ఈ రోజుల్లో మీటింగులకేం కొదవ లేదు. ఎలా మాట్లాడాలో నేర్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు గాని, ఎలా వినాలో చెప్పేవాళ్ళు తక్కువ. వినడానికి కూడా నేర్పు కావాలా అంటారేమో! చెప్పేవాడికి వినేవాడు లోకువ అని పెద్దలు ఊరికే అన్నారా?

అన్నిటికంటే జాగ్రత్తగా వినవలసినవి "చేరండి, చేర్పించండి, సంపాదించండి" అనే మీటింగులు. "ఊరికే వచ్చి వినండి వదినగారూ" అని పక్కింటావిడ పిలుస్తుంది. ఫంక్షన్ హాలు, కాఫీ, మైకు. సూటు వేసుకున్న ఒకాయన లేచి, ఒకప్పుడు ఇంటద్దెకి కూడా డబ్బుల్లేవంటాడు. ఇప్పుడు సొంత కారుందంటాడు. తల్లి ఆపరేషన్ సంగతి చెప్పి కళ్ళు తుడుచుకుంటాడు. మనకీ కళ్ళు చెమ్మగిల్లుతాయి. ఆ తడి ఆరకముందే ఫారం చేతికొస్తుంది.

సరిగ్గా ఇక్కడే ఆగాలి. విన్నదాన్ని చేటలో పోసి చెరగాలి. ఆయన పడ్డ కష్టం నిజమే కావచ్చు. అయినా మన మనసు కరగడం వేరు, ఆయన మాట రుజువు కావడం వేరు. ఒకాయన కారు కొన్నాడు సరే, ఆయనతోపాటు చేరిన మిగతావాళ్ళ మాటేమిటి?

ఇక లెక్క చూద్దాం. "ఒక్కొక్కరు అయిదుగురిని చేర్పిస్తే చాలు" అంటారు. వినడానికి ఎంత తేలిక! కాగితం మీద వేసి చూడండి. 5, 25, 125, 625... ఎనిమిదో మెట్టుకి 3,90,625 మంది కావాలి. పదమూడో మెట్టుకి 122 కోట్ల పైచిలుకు. అంటే దాదాపు దేశమంతా చేరాలన్నమాట! ఈ వరస ఎక్కడ ఆగినా, చేరినవాళ్ళలో వందకి సుమారు 80 మంది ఆఖరి మెట్టు మీదే ఉంటారు. వాళ్ళ కింద చేరేవాళ్ళెవరూ ఉండరు. మనుషుల్ని చేర్పిస్తూ డబ్బు తిప్పే స్కీములని 1978 లోనే చట్టం చేసి నిషేధించారు. డైరెక్ట్ సెల్లింగ్ పేరుతో పిరమిడ్ స్కీములు నడపకూడదని 2021 లో వచ్చిన నిబంధనలూ చెబుతున్నాయి.

ఈసారి మీటింగుకి వెళితే ఇవి గుర్తుంచుకోండి.

* చిన్న నోటుబుక్కు పట్టుకెళ్ళండి. పేజీ మధ్యలో గీత గీసి, ఆయన అన్నమాట ఎడమవైపు, దానికి చూపించిన రుజువు కుడివైపు రాయండి. ఆఖర్న కుడివైపు ఖాళీగా ఉంటే సంగతి మీకే తెలుస్తుంది.

* మనిషిని చూసి మాటని తూచకండి. సూటులో ఉన్నాయన చెప్పిందల్లా ఒప్పూ కాదు, వెనక వరసలో నేతచీర కట్టుకున్నావిడ తడబడుతూ అడిగిన ప్రశ్న తప్పూ కాదు. నచ్చనివాళ్ళు చెప్పినా సాంతం వినండి. మధ్యలోనే మనసులో జవాబు తయారు చేసుకుంటూ కూర్చుంటే సగం చెవిన పడదు.

* "పోయినేడాది చేరినవాళ్ళలో పెట్టిన డబ్బు తిరిగి వచ్చినవాళ్ళెంతమంది?" అని అడగండి. "అలా నెగెటివ్‌గా ఆలోచించకండమ్మా" అన్నారంటే, మీ ప్రశ్నకి జవాబు రాలేదని గుర్తు.

* "ఈ రోజే ఆఖరు" అన్నది తొందరపెట్టడమే గాని కారణం కాదు. మంచి స్కీమైతే రేపూ మంచిదే. ఇంటికొచ్చి, నలుగురితో చెప్పి, ఒక రాత్రి నిద్రపోయి ఆలోచించండి.

ఇంత చెప్పడం ఎందుకంటే, ఇందులో పోయేది మన డబ్బొక్కటే కాదు. మనం చేర్పించేది ఎవరిని? తోడికోడల్నీ, ఆడపడుచునీ, ఎదురింటి పిన్నిగారినే కదా! డబ్బు కూడబెట్టుకుంటే మళ్ళీ వస్తుందేమో గాని, పెళ్ళిళ్ళలో, పేరంటాళ్ళలో ఒకరి మొహం ఒకరు చూసుకోలేని పరిస్థితి వస్తే అది ఏ లెక్కకీ అందదు.

కాఫీ ఇచ్చారు కదా అని మొహమాటపడి సంతకం పెట్టనక్కర్లేదు. కాఫీ బావుందని చెప్పి, చెప్పులేసుకుని ఇంటికొచ్చేయండి.