యంత్ర సంగీతమున మాధుర్యము

టెక్నో యను పేర వ్యవహరింపబడు నృత్య సంగీతమును గూర్చి మన పాఠశాలలో రెండు పక్షములు గలవు. అది సంగీతమే కాదు, కమ్మరి కొలిమి చప్పుడని పెద్దలందురు. అది యెంత కఠినమైన నంత మేలనియు, అందు రాగమును వెదకువాడు పిరికివాడనియు నా సహపాఠులు కొందఱందురు. ఈ రెండవ పక్షమువారితోనే నాకు వాదము.

శ్రుతి మాత, లయ పిత యని మనవారు చెప్పుదురు. సాధారణముగా నిమిషమునకు 120 మొదలు 150 వఱకు దెబ్బలు ఎడతెగక పడుచుండు టెక్నోలో తండ్రి యెన్నడును ఇల్లు విడిచి పోడు. తల్లియు నుండవలెనని కోరుట నేరమా?

చరిత్రమును జూతము. ఈ సంగీతము అమెరికాలోని డెట్రాయిట్ నగర ప్రాంతమున పుట్టినది. దాని కర్తలలో ముఖ్యులగు జువాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అను నల్లజాతి యువకులు మువ్వురును సమీపమందలి బెల్‌విల్ హైస్కూలులో స్నేహితులైనవారే. (పాఠశాల స్నేహములు వ్యర్థములనువారు దీనిని గమనింతురుగాక!) మోటారు కార్ల కర్మాగారములు క్షీణించి, నగరము పాడువడుచున్న కాలమది. అట్టి చోట పుట్టిన సంగీతము ఇనుప మ్రోతయే కావలెనని తోచును గదా! కాని 1987లో మే వెలువరించిన ‘స్ట్రింగ్స్ ఆఫ్ లైఫ్’ అను కృతియందు మంద్రస్థాయి బాస్ వరుసయే లేదు. పియానోయు, తంత్రీవాద్యముల ధ్వనులును దానిని నడపును. 1988లో ఇంగ్లండున ప్రకటింపబడి, టెక్నో యను పేరును లోకమున స్థిరపఱచిన సంపుటమునందు సాండర్సన్ రచించిన ‘బిగ్ ఫన్’ గలదు. అది స్త్రీకంఠమున పాడబడిన పాట. ఇట్లుండగా రాగమును ఆ యింటికి తరువాత వచ్చిన చుట్టమని యెట్లనగలరు?

నేను కోరు వెచ్చదనమునకు కారణము లేకపోలేదు. పాత సింథసైజరులలో రెండు స్వరజనకములు ఒకే స్వరమును పలికినను, వాని శ్రుతి వెండ్రుకవాసి భేదించును. అందుచే నాదము అలవలె నెమ్మదిగా ఊగును. ఫిల్టరు పైస్థాయి అనుస్వరములను వడగట్టగా కఱకుదనము పోయి గుండ్రని ధ్వని మిగులును. తంబురా తీగెలు నాలుగును మీటినపుడు చెవికి కలుగు నిండుదనము ఇట్టిదేయని నాకు తోచును.

మన దేశమునందును 1982లోనే, బొంబాయి చలనచిత్ర వాద్యబృందములలో పనిచేసిన చరణ్‌జీత్ సింగ్ గారు రోలండ్ కంపెనీ యంత్రములపై 10 హిందూస్థానీ రాగములను డిస్కో తాళమున వాయించి రికార్డు నిచ్చిరి. అప్పుడు దాని నాదరించినవారు కొలదిమంది. 2010లో మఱల వెలువడగా విదేశీయులు ఆశ్చర్యపడిరి. అందలి మాల్కౌన్స్ మన హిందోళమే. యంత్రము వాయించినంతమాత్రమున హిందోళము హిందోళము కాకపోలేదు.

మధురమని చెప్పుకొను ప్రతిదానిని నేను మెచ్చను. నేటి ‘మెలొడిక్ టెక్నో’లో పెక్కు ఒకే దిగులు వరుసను పదేపదే త్రిప్పి, నడుమ దెబ్బ నాపి, ఊపిరి బిగబట్టించి, మఱల ధడాలున పడవేయును. అది బెల్లపు పాకము; రెండు గరిటెలకే వెగటు. అంతకంటె రాబర్ట్ హుడ్ 1994లో చేసిన ‘మినిమల్ నేషన్’ నాకు మేలు. కఠినమేగాని, అనవసరమైన దొక్కటియు లేదు.

ఇక 1993 మొదలు బెర్లినున బేసిక్ ఛానల్ అను జంట వెలువరించిన రికార్డులలో ఈల వేయదగిన వరుసయే కానరాదు. ఒక్క స్వరసమూహము ప్రతిధ్వనులలో కరగి, మఱల పొగవలె లేచుచుండును. అయినను నేను విన్నవానిలో అవియే మిక్కిలి వెచ్చనివి. నా ప్రతిపక్షులును వానిని తమవేయని చెప్పుకొందురు. ఆ రికార్డుల విషయమున మాత్రము మేమందఱము కలసి కూర్చుండి విందుము.