చదువు పెరిగితే సహనము పెరుగుతుందా?



మనిషికి జ్ఞానము పెరిగేకొద్దీ తోటివాని పట్ల సహనము పెరుగుతుందా, తరుగుతుందా? ఇది పండితుల ప్రశ్న వలె కనబడుతుంది గాని మన అరకు లోయలో ఇది ఇంటింటి ప్రశ్న. తండ్రి కువి మాట్లాడతాడు. తల్లికి ఆదివాసీ ఒడియా వచ్చు. ఆశ్రమ పాఠశాలలో పదవ తరగతి ముగించిన కుమారుడు సంతలో స్నేహితుల ఎదుట తల్లి తన భాషలో పిలిస్తే వినిపించుకోనట్టు నడిచిపోతాడు. అదే ఊరి నుండి వెళ్ళి నర్సు చదువు చదివిన అమ్మాయి ముసలమ్మ ప్రక్కన కూర్చుండి, మాత్రలు ఏ పూట వేసుకోవాలో ఆమె భాషలోనే చెబుతుంది. చదువు ఇద్దరికీ వచ్చింది. ఫలము మాత్రము ఒకటి కాలేదు. ఎందుచేత?

పరిశుద్ధ గ్రంథములో ఇటువంటి ఇద్దరున్నారు. అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయములో ధర్మశాస్త్రోపదేశకుడైన గమలీయేలు మహాసభలో లేచి, అపొస్తలుల జోలికి పోవద్దని సలహా ఇచ్చాడు. ఇది మనుష్యుల పని అయితే తానే పడిపోతుందని, దేవుని పని అయితే దానిని ఆపబోయి మనమే దేవునితో పోరాడినవారమవుతామని ఆయన తలంపు. ఆయన పాదముల యొద్ద చదువుకున్నవాడే తార్సువాడైన సౌలు. గురువు సభను శాంతపరచాడు. శిష్యుడు ఇల్లిల్లు చొచ్చి విశ్వాసులను చెరసాలకు ఈడ్చాడు. గురువు ఒక్కడే, గ్రంథము ఒక్కటే. కాబట్టి ఎంత చదివాడన్నది ఒక్కటే చాలదు.

మన దేశ చరిత్రలోనూ ఈ సంగతి కనబడుతుంది. మద్రాసు మ్యూజియము అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారతదేశపు కులాలు, తెగల గురించి 1909లో ఏడు సంపుటాల గ్రంథము ప్రకటించాడు. మన కొండజాతుల వివరాలూ అందులో ఉన్నాయి. ఆ పరిశోధనలో మనుష్యుల తలలను, ముక్కులను కొలతలు వేశారు. ఆ రోజులలోనే ప్రభుత్వము కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా జాబితాలో వ్రాసుకున్నది. ఉత్తర భారతములో 1871లో మొదలైన ఆ చట్టము 1911లో మన మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. దేశమంతటా అది 1952లో గాని పూర్తిగా రద్దు కాలేదు. ఆ దొరలకు తెలివి తక్కువై కాదు. పైనుండి చూచి, కొలిచి, పేరుపెట్టే జ్ఞానము అది. ఎదుటివాడు వారికి ఒక వస్తువు. వాడు నోరు తెరచి తన సంగతి తాను చెప్పుకొనుటకు అందులో చోటు లేదు.

అదే కాలములో మన తూర్పు కనుమలలోనే మరొక విధమైన జ్ఞానము కూడా పుట్టింది. శ్రీముఖలింగము దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉండేవారు. కొండల నుండి దిగివచ్చే సవరలను చూచి, వారికి చదువు చెప్పాలంటే ముందు వారి భాష తాను నేర్చుకోవాలని తలంచారు. తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట పెట్టుకొని, అతని నోటి నుండి మాట మాట నేర్చుకున్నారు. పట్టణములో పదిమందికి పాఠము చెప్పే పంతులు, అక్షరము రాని కొండవాని ముందు విద్యార్థిగా కూర్చున్నారు! సవర పిల్లల కోసం బడులు పెట్టారు, పుస్తకాలు వ్రాశారు. ప్రభుత్వము పారితోషికము ఇవ్వబోతే, అది తనకు వద్దని, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమని కోరారు. 1931లో ఆయన సవర భాషా వ్యాకరణము అచ్చయినది. ఆయన పుట్టినరోజునే మనము తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొంటున్నాము. చాలా కాలానికి, 2000 తరువాతి సంవత్సరాలలో, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా భాషలలో చిన్న తరగతుల వాచకాలు మన ప్రభుత్వ బడులకు వచ్చాయి.

మా మనవి ఇదే. ఎదుటివాని గురించి నేర్చిన జ్ఞానము గర్వము పుట్టించవచ్చు. ఎదుటివాని వద్ద నేర్చిన జ్ఞానము సహనము పుట్టిస్తుంది. నిండు కుండ తొణకదని పెద్దలు అంటారు. ఆ కుండ నిండాలంటే ముందు ఊట దగ్గర వంగాలి.

అయితే సహనము అంటే అన్నిటికీ ఔననడము కాదు. జ్వరముతో బిడ్డ చనిపోతే చిల్లంగి పెట్టిందని ఒంటరి ముసలిదానిని అనుమానించి కొట్టడము, చంపడము మన్యములో జరిగిన ఘోరాలు. దీనిని సహించరాదు. ఇక్కడ జ్ఞానమే దయ చూపుతుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. కొండజ్వరము దోమకాటు వలన వస్తుందని తెలిసిన ఇంటిలో పొరుగింటి అవ్వ మీద నింద నిలువదు. కాని ఆ సంగతి తెలిసిన యువకుడు మంత్రగాని దగ్గరకు పరుగెత్తిన తల్లిని పదిమందిలో ఎగతాళి చేస్తే, ఆమె వచ్చేసారి జ్వరము దాచిపెడుతుంది. ప్రక్కన కూర్చుండి చెబితే రక్తపరీక్షకు వస్తుంది.

సౌలు సంగతి అక్కడితో ముగియలేదు. దమస్కు త్రోవలో చూపు పోయినప్పుడు అతని శాస్త్రము అతనిని నడిపించలేదు. ఒకరు చెయ్యి పట్టుకొని నడిపించారు. అతడు ఎవరిని బంధించబోయాడో వారిలో ఒకడైన అననీయ వచ్చి అతని మీద చేతులుంచి, సహోదరుడా అని పిలిచాడు. ఆ పిలుపు విన్న పౌలే తరువాత కొరింథు సంఘానికి వ్రాసిన మొదటి పత్రిక 8వ అధ్యాయములో, ప్రేమ లేని జ్ఞానము ఉబ్బిపోతుందని, తెలిసినవాని స్వేచ్ఛ బలహీనునికి అడ్డురాయి కారాదని హెచ్చరించాడు.

ఇప్పుడు మన సంఘాలను చూచుకొందాము. చైత్రమాసములో ఇటుకల పండుగ వచ్చినప్పుడు మన బంధువులు దానిని ఆచరిస్తారు. వారి పూజలో మనము పాలుపొందము. అది మన విశ్వాసము. కాని అంతటితో ఆ గడప తొక్కడము మానివేస్తున్నామా? వారు వినేటట్టు మైకులో వారిని చీకటి మనుష్యులని పిలుస్తున్నామా? మేనమామ మంచాన పడితే మనము గంజి తీసుకొని వెళ్తున్నామా? మనకు తెలిసిన వాక్యము ఎంతో, మన పొరుగువారు దీనిని బట్టి కొలుస్తారు.

ఈ నెలలో ప్రతి కుటుంబము ఒక పని చేయాలని కోరుతున్నాము. చదువుకున్న పిల్లలు తాత దగ్గరో అవ్వ దగ్గరో కూర్చుండి, వారి భాషలో ఒక కథ, పది మాటలు నేర్చుకోవాలి. విత్తనము ఎప్పుడు వేయాలో, ఏ ఆకు దేనికి పనికివస్తుందో అడిగి తెలుసుకోవాలి. పెద్దలు కూడా, పిల్లలు బడిలో నేర్చినది చెబుతుంటే కసురుకోక వినాలి. ఒకరి ముందు ఒకరు విద్యార్థులైన ఇంటిలో సమాధానము నిలుస్తుంది. ప్రభువు మీ ఇండ్లను దీవించును గాక.