పెదాలకు మెక్సికో మైనమే కావాలా?

కార్తీకం దాటి చలి మొదలైందంటే ఫోన్ తెరవగానే ఇవే వీడియోలు. తేనెమైనం లేకుండా ఇంట్లోనే లిప్‌బామ్ అట. మంచిదే, నేనూ తేనెమైనం వాడను. కానీ దానికి బదులుగా వాళ్లు చెప్పేవి చూస్తుంటే ఒళ్లు మండుతోంది. ఒకావిడ కరెంటు పోతే వెలిగించే కొవ్వొత్తిని తురిమి కొబ్బరినూనెలో కరిగించమంటుంది. ఇంకొకావిడ క్యాండెలిల్లా మైనం తప్ప మరేదీ పనికిరాదని చెప్పి, కింద కొనే లింకు కూడా పెడుతుంది. మొదటిది తెలియనితనం, రెండోది వ్యాపారం. పగిలిన పెదాలు మాత్రం మనవీ, మన పిల్లలవీ.

కొవ్వొత్తి సంగతి ముందు తేల్చుకుందాం. చిక్కు మన మాటలోనే ఉంది. తేనెతుట్టె పిండితే వచ్చేదీ మైనమే, కొవ్వొత్తిలో ఉండేదీ మైనమే అంటాం. (కొవ్వొత్తి అనే పేరులో కొవ్వు ఉంది గానీ, ఇప్పుడు మనకు దొరికేది ఎక్కువగా పెట్రోలియం నుంచి తీసిన పారాఫిన్.) పేరు ఒకటైనంత మాత్రాన వస్తువు ఒకటవుతుందా? "కంపెనీ క్రీముల్లోనూ పారాఫిన్ ఉంటుంది కదా" అని వాదించేవాళ్లున్నారు. ఉంటుంది. అది ఒంటికి రాసుకోవడానికని ప్రత్యేకంగా శుద్ధి చేసింది. కిరాణా కొట్లో డజను లెక్కన అమ్మే కొవ్వొత్తిలో ఏ రంగు వేశారో, గట్టిపడటానికి ఏం కలిపారో ప్యాకెట్ మీద రాయరు. రాయాల్సిన పనీ లేదు, అది వెలిగించుకోవడానికి చేసింది. పెదాలకు రాసుకున్నది ఎక్కడికి పోతుందో మనకు తెలియదా? సగం కాఫీ గ్లాసు అంచుకు, సగం కడుపులోకి. మూడేళ్ల పిల్లయితే మొత్తం కడుపులోకే.

ఇక తేనెమైనం ఎందుకు వద్దంటున్నానో చెప్పాలి. తేనెటీగ మైనాన్ని ఒంట్లోంచి చెమర్చి తీస్తుంది, దానికి బోలెడు తేనె తిని ఖర్చు పెట్టుకుంటుంది. కొండతేనె తీసేటప్పుడు తుట్టెను గుడ్లూ పిల్లలతో సహా కోసి పిండే పద్ధతి చాలాచోట్ల ఇంకా ఉంది. తేనె భాగం మాత్రమే కోసి మిగతా తుట్టెను వదిలేసేవాళ్లూ ఉన్నారు, అడవిలో దాని మీదే బతికేవాళ్లతో నాకు తగవు లేదు. పైగా బజార్లో దొరికే తేనెమైనంలో పారాఫిన్ కల్తీ మామూలు, మన కంటికి తేడా తెలియదు. కొందరికి అందులోని తేనెటీగల జిగురు పడక పెదాల చుట్టూ దద్దుర్లు వస్తాయి. ఇన్ని ఉండగా వద్దనుకున్నాను.

మా తోడికోడలు ఊరుకోదుగా. "నెయ్యి పోసుకుని పప్పన్నం తింటావు, తేనెమైనం మాత్రం పాపమా అక్కా?" అంది. పాపం అని నేననలేదు. ఒకటి మానాలంటే ముందు అన్నీ మానెయ్యాలనే లెక్క ఆడవాళ్లకే ఎందుకు పెడతారో నాకు అర్థం కాదు. చేతనైనది మానుకుంటాను, మిగతాది తర్వాత చూసుకుంటాను.

ఇప్పుడు క్యాండెలిల్లా. ఇది ఉత్తర మెక్సికో ఎడారుల్లో పెరిగే ఒక పొద కాడల నుంచి తీసే మైనం. దాదాపు 70 డిగ్రీలకు కరుగుతుంది, తేనెమైనం కన్నా గట్టిది, అందుకే సగం వేస్తే సరిపోతుంది. కార్నాబా బ్రెజిల్లో ఒక రకం తాటిజాతి చెట్టు ఆకుల మీది పూత, అది 80 దాటితే గానీ కరగదు, కార్ల పాలిష్‌లోనూ వాడతారు. రెండూ మంచి సరుకే. నా పేచీ నాణ్యతతో కాదు. సముద్రాలు దాటొచ్చిన రేకుల్ని చిన్న కవర్లో పోసి, "ప్రకృతి సహజం" అని రాసి, సరుకు ధర కన్నా పోస్టు ఖర్చు ఎక్కువ పెట్టి మనకు అంటగడుతూ, ఇది లేకపోతే లిప్‌బామే కాదనడం ఉంది చూశారూ, దానితో.

ఎందుకంటే బియ్యం పండించే నేల మనది. మిల్లులో బియ్యం తెల్లబడితే తవుడు వస్తుంది. తవుడు నుంచి నూనె తీస్తారు. ఆ నూనెను తేటపరిచేటప్పుడు అడుగున మైనం వేరవుతుంది. అదే రైస్ బ్రాన్ వాక్స్, తవుడు మైనం అనుకోండి. 80 డిగ్రీల దగ్గర కరుగుతుంది, బాగా గట్టిది, వాసన పెద్దగా ఉండదు. సబ్బులు చేసుకునేవాళ్లకు ముడిసరుకు అమ్మే చోట్ల దొరుకుతుంది. నిజామాబాద్ మిల్లులూ, గోదావరి జిల్లాల మిల్లులూ చూస్తూ పెరిగిన మనకు ఈ మాట ఒక్క వీడియోలోనూ వినపడదు. కొత్తగా ఉండదు కదా, తవుడంటే గేదెలకు పెట్టేదని చులకన.

దానికి తోడు కోకమ్ వెన్న. పడమటి కనుమల్లో కాసే కోకమ్ పండు గింజల కొవ్వు ఇది. గోవా, కొంకణ్ ఇళ్లలో పగిలిన పెదాలకూ మడమలకూ పాత మందు. గది వేడిలో గట్టిగా, ముట్టుకుంటే పెళుసుగా ఉంటుంది, 40 డిగ్రీల దగ్గర కరుగుతుంది. డిసెంబరు, జనవరుల్లో దీనికి అసలు మైనమే అక్కర్లేదు: 10 గ్రాముల కోకమ్ వెన్న, 5 గ్రాముల కొబ్బరినూనె కరిగించి చిన్న డబ్బాలో పోసుకుంటే చాలు. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంటే మాత్రం నూనె డబ్బా అయిపోతుంది. అప్పుడు కావాలి మైనం.

నా కొలత ఇది. తవుడు మైనం 3 గ్రాములు, కోకమ్ వెన్న 4, కొబ్బరినూనె 10, ఆముదం 3, మొత్తం 20 గ్రాములు. చెంచాల లెక్క వద్దు, చిన్న త్రాసు మీద తూచండి, మైనం ఒక్క గ్రాము తేడా వస్తే రాయి అవుతుంది. స్టీలు గిన్నెను మరిగే నీళ్లలో నిలబెట్టి ముందు మైనం, ఆముదం కరిగించి, తర్వాత మిగతావి వేయండి. చల్లటి స్టీలు ప్లేటు మీద ఒక చుక్క వేసి ఆరనివ్వండి, వేలితో రాస్తే తెలిసిపోతుంది. గట్టిగా ఉంటే ఇంకాస్త నూనె. ఆముదం మెరుపు కోసం, లిప్‌స్టిక్కుల్లోనూ అదే ఉంటుంది. ఆముదం పడనివాళ్లు అక్కడక్కడా ఉంటారు, వాళ్లు నువ్వులనూనె వేసుకోవచ్చు.

వంటింటి పేరు చెప్పి మరో మోసం జరుగుతోంది, అదీ చెప్పాలి. వంటింట్లో ఉందంటే పెదాలకు మంచిదే అన్నట్టు నిమ్మరసం, దాల్చినచెక్క పొడి, వంటసోడా అన్నీ కలిపేస్తున్నారు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కాలి నల్లబడుతుంది. దాల్చినచెక్క పెదాలకు పడకపోవడం చాలామందిలో చూసేదే. చల్లగా ఉంటుందని వేసే పుదీనా సత్తు, కర్పూరం పగిలిన పెదాలను ఇంకా మండిస్తాయి. మండితే పిల్లలు నాలుకతో తడుపుతారు, తడిపిన కొద్దీ ఎండుతాయి. బీట్‌రూట్ రసం నూనెలో కలవదు. పైగా అందులోని నీళ్ల వల్ల వారంలో బూజు పడుతుంది. రంగు కావాలంటే జాఫ్రా గింజలు కొబ్బరినూనెలో వేసి సన్నని వేడి మీద కాసేపు ఉంచి వడకట్టండి. నారింజ రంగు నూనెలోకి దిగుతుంది.

"కెమికల్స్ లేవు" అనే మాట కూడా పక్కన పెడదాం. పెట్రోలియం జెల్లీ రాసుకునే పక్కింటామె విషం రాసుకోవట్లేదు, అది పెదాల తడి ఆరిపోకుండా బాగానే ఆపుతుంది. ఉద్యోగం, పిల్లలు, అత్తగారి మందులు చూసుకుంటూ ఇరవై గ్రాముల బామ్ చేసుకునే తీరిక లేనివాళ్లు దుకాణంలో చిన్న డబ్బా కొనుక్కుంటే వాళ్లను చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు. నేను చేసుకుంటాను, ఎందుకంటే నాకు సరదా.

చేసిన డబ్బా మీద తేదీ రాసి పెట్టుకోండి. నీళ్లు తగలకుండా ఉంటే మూడు నెలలు వాడుకోవచ్చు. ఆ లోపే ముక్క వాసన వస్తే పారేయండి. మొదటిసారి మోచేతి లోపలి వైపు కాస్త రాసి ఒక రోజు ఆగండి. డబ్బా ఎవరిది వాళ్లకే, అక్కచెల్లెళ్లయినా సరే, పెదవి మీద పొక్కులున్నప్పుడు అసలే వద్దు.