చిన్న సంఘములకు పెద్ద శాఖలు పడిన ఋణము

1878వ సంవత్సరము జూలై 3వ తేదీన, ఒంగోలునకు సమీపమునగల వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో, ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరన్న సంగతి తెలుగు క్రైస్తవ చరిత్రతో పరిచయముగల వారెల్లరికిని తెలిసినదే. అయితే ఆనాడు నీటిలో నిలిచి వారికి బాప్తిస్మమిచ్చినవారు బాప్టిస్టు మిషనరీయైన జాన్ క్లౌ దొరగారు కారనియు, ఇద్దరిద్దరుగా వంతులు వేసికొనిన ఆరుగురు తెలుగు బోధకులనియు స్మరించువారు అరుదు. ఆ జనసమూహము తమతమ పల్లెలకు మరలిపోయిన పిమ్మట, కరవు మిగిల్చిన దైన్యము నడుమ, ఇల్లిల్లు తిరిగి వారికి ప్రార్థనయు అక్షరములును నేర్పిన బోధకులను తలచువారు మరింత అరుదు.

ఆ మహోద్యమమునకు మూలమైనను సంఖ్యాబలము కాదు. తాళ్లకొండపాడునకు చెందిన యెర్రగుంట్ల పేరయ్యగారు, మాదిగ కులమున జన్మించి తోళ్ల వ్యాపారముతో జీవించినవారు, 1866లో భార్యాసమేతముగా బాప్తిస్మము పొంది తమవారి నడుమ సాక్షులై నిలిచిరి. ఆ దంపతుల లెక్కను నాటి వార్షిక నివేదికలో వ్రాసియుండినచో అది రెండు అను అంకెకు మించియుండదు. ఆ రెండింటిలో ఏమి ఇమిడియున్నదో పండ్రెండేండ్ల తరువాత గాని లోకమునకు తెలియలేదు.

ఈ సత్యమును లెస్సగా గ్రహించి దానిమీదనే ఒక అధ్యక్ష మండలమును నిర్మించినవారు వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు. తిరునల్వేలి సీమనుండి దోర్నకల్లునకు వచ్చి, 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘమునందు తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తులైన ఆయన, నగరమున ఘనమైన పీఠమును అలంకరించుటకంటె పల్లెకొక ఉపాధ్యాయ బోధకుని సిద్ధపరచుటయే తమ ప్రథమ కర్తవ్యమని యెంచిరి. గ్రామస్థులలోనుండియే గురువులను ఏరి, వారితోపాటు వారి భార్యలకును శిక్షణ నిప్పించిరి. పేదసంఘమైనను తన గురువును తానే పోషించుకొనవలెనని బోధించిరి. నాడు వంటకు కొలిచిన బియ్యములోనుండి ఒక పిడికెడు తీసి దేవుని కొరకు వేరుగా ఉంచిన మాల మాదిగ పల్లెల తల్లులే ఆ మండలమునకు నిజమైన ధర్మదాతలు. 1939 జనవరి 6న దోర్నకల్లున ప్రతిష్ఠింపబడిన దేవాలయమును చూచి ముచ్చటపడువారు దాని వెనుకనున్న పల్లె సంఘములనుగూడ చూడవలెను.

నేడు ఆ సంఘముల స్థితి యెట్లున్నది? పాస్టరేటు అను పేరున అనేక గ్రామములు ఒక్క గురువు చేతికి అప్పగింపబడుచున్నవి. ఆయన ప్రభువు సంస్కారపు ఆరాధనకు ఒక్కొక్క గ్రామమునకు వంతుల ప్రకారము వచ్చిపోవును. తక్కిన ఆదివారములు ఉపదేశియో, సంఘపెద్దయో నడుపవలెను. అయినను ఆ పల్లెలోని ప్రతి బిడ్డను పేరుపెట్టి పిలువగలవాడు, ఏ యింట పొయ్యి రాజలేదో ఎరిగినవాడు, అర్ధరాత్రి కబురు వచ్చినను మంచముపట్టినవాని చెంతకు పోవువాడు, అన్నదమ్ముల తగవు కోర్టునకెక్కకుండ అరుగుమీదనే తీర్చువాడు, అయ్యగారని పిలువబడు ఆ గురువే. పాస్టరమ్మగారికి జీతము లేదు. ఐనను స్త్రీల కూడిక, ఆదివార పాఠశాల, బాలింత యింటి పరామర్శ, ఇవన్నియు ఆమె భుజములమీదనే నడచుచున్నవి.

పట్టణ సంఘముల కానుకలు లేనిదే ఆసుపత్రులు, కళాశాలలు, వసతిగృహములు నడువవనియు, ముప్పది కుటుంబములుగల సంఘమునకై ఒక గురువును పోషించుట మితవ్యయము కాదనియు కొందరు వాదింతురు. పట్టణ సంఘముల దాతృత్వము శ్లాఘ్యమే. దానిని కాదనుట కృతఘ్నత. కాని ఆ పట్టణ సంఘములలో పీటలు నింపుచున్నవారిలో పెక్కుమంది ఏ పల్లెలో బాప్తిస్మము పొందిరి, ఏ గుడిసెబడిలో ఓనమాలు దిద్దిరి, ఏ గురువు సిఫారసు లేఖతో బోర్డింగు పాఠశాలలో చేరిరి? చిన్న సంఘము పెంచి పంపిన బిడ్డలు పెద్ద సంఘమునకు బలమైరి. ఆ బిడ్డలు వెడలిపోయినందున తాను చిన్నదిగానే మిగిలిపోయినది. ఇట్టి సంఘమునకు వెచ్చించినది దానమని యెంచరాదు, అది ఋణవిమోచనము.

కావున ఆయా శాఖల పరిపాలకులు కొన్ని విషయములు నిశ్చయించుకొనవలసియున్నది. గురువు జీతము సంఘము యొక్క కానుకల పెట్టెను బట్టిగాక, సేవాకాలమును బట్టి, ఉమ్మడి నిధినుండి నియతముగా అందవలెను. పల్లెకు బదిలీ శిక్షగాను, పట్టణమునకు బదిలీ బహుమానముగాను భావింపబడు దురాచారము తొలగవలెను. సమర్థులైన గురువులు తమ ఉత్తమ వయస్సులో కొన్నియేండ్లైనను పల్లెలలో ఉండుట నియమము కావలెను. వారి పిల్లల చదువునకు శాఖయే పూచీపడవలెను, ఏలయనగా తన బిడ్డలు చదువు చెడుదురన్న భయమే పెక్కుమంది గురువులను పల్లెనుండి తరుముచున్నది. ఆస్తులను, పదవులను నిర్ణయించు సభలలో చిన్న సంఘముల ప్రతినిధులు ఓటు కొరకు మాత్రమేగాక ఆలోచన కొరకును పిలువబడవలెను.

మంద పెద్దదైనంత మాత్రమున కాపరితనము పెద్దది కాదు. అధ్యక్ష మండల సమావేశమున వార్షిక నివేదిక చదువునప్పుడు మొదటి పుటలో మిక్కిలి చిన్న సంఘముల క్షేమమును, వాటి గురువులకు జీతబకాయి యేమైన ఉన్నచో దానిని చదివి, తరువాతనే కొత్త భవనముల సంగతి చెప్పు ఆచారమును ఏ శాఖ ముందుగా నెలకొల్పునో, ఆ శాఖయే తన మూలమును మరువనిదని మనము నమ్మవచ్చును.