గీత జరిపితే మారే వృద్ధి రేటు

ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు నివేదిక వెలువడిన ప్రతిసారీ వ్యాపార పేజీల్లో దాదాపు ఒకే కథ. తూర్పు ఆఫ్రికా దూసుకుపోతోంది, దక్షిణం చతికిలపడింది, మధ్య ఆఫ్రికాది నత్తనడక. పక్కన ఐదు రంగుల పటం. ఆపైన పండితులు కారణాలు వల్లిస్తారు: తూర్పున సంస్కరణలు చేశారు, దక్షిణాన పాలన పాడైంది. 2000లో ‘ది ఎకానమిస్ట్’ పత్రిక ఆఫ్రికాను ఆశ లేని ఖండమని అట్ట మీద అచ్చేసింది. 2011 డిసెంబరు వచ్చేసరికి అదే పత్రికకు ఆ ఖండం పైకి లేస్తూ కనిపించింది. ఖండాన్నంతా ఒక్క మాటలో తేల్చేసే ఆ జబ్బే ఇప్పుడు ఐదు ముక్కలైంది. ఈ ప్రాంతాల పోటీ పట్టిక పెట్టుకుని ఎవరు బాగుపడుతున్నారో చెప్పడం కుదరని పని.

ముందు ఆ గీతల సంగతి. బ్యాంకు లెక్కలో జాంబియా, జింబాబ్వే, మలావి, మొజాంబిక్ దక్షిణ ప్రాంతంలో ఉంటాయి. ఐక్యరాజ్యసమితి గణాంకాల్లో ఆ నాలుగూ తూర్పు దేశాలు. సూడాన్ బ్యాంకుకు తూర్పు, సమితికి ఉత్తరం. అంగోలా ఒకరికి దక్షిణం, మరొకరికి మధ్య ఆఫ్రికా. 2023 ఏప్రిల్‌లో సూడాన్‌లో సైన్యానికీ పారామిలిటరీ దళానికీ యుద్ధం మొదలై ఆర్థిక వ్యవస్థ కుప్పకూలితే, ఆ దెబ్బ ఎవరి సగటు మీద పడాలన్నది ఏ సంస్థ పటం చూస్తున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. ఇక సంస్కరణలూ పాలనా అంటూ కారణాలు వెతకడం ఎందుకు?

కాంగోలోని కొల్వేజీలో రాగి పలకలు ఎక్కించుకుని బయలుదేరే లారీని చూడండి. జాంబియా సరిహద్దులో కసుంబలేసా దగ్గర కిలోమీటర్ల పొడవున లారీల బారు. డ్రైవర్లు బండి పక్కనే వండుకు తింటూ కస్టమ్స్ కాగితాల కోసం రోజుల తరబడి పడిగాపులు కాస్తారు. అది దాటాక జాంబియా అంతా అడ్డంగా నడిచి, నకోండే-టుండుమా దగ్గర మరో సరిహద్దు దాటి, చివరికి టాంజానియాలోని దారెస్సలాం రేవుకు చేరాలి. బ్యాంకు పటం ప్రకారం ఆ లారీ మధ్య ఆఫ్రికాలో బయలుదేరి, దక్షిణాన్ని దాటి, తూర్పున సరుకు దించింది. గనిలో తవ్వకం పెరిగితే మధ్య ఆఫ్రికా వృద్ధి. రేవు ఆదాయం పెరిగితే తూర్పు వృద్ధి. తూర్పు ఆఫ్రికా మధ్య ఆఫ్రికాను మించిపోయిందనడం, రేవు గనిని ఓడించిందన్నట్టే. పైగా టాంజానియా తూర్పు దేశాల కూటమిలోనూ ఉంది, దక్షిణ దేశాల కూటమిలోనూ ఉంది. కాంగో కూడా అంతే, తూర్పు కూటమిలో 2022లో చేరింది. ఆ దేశాలకు లేని పట్టింపు పటాలు గీసేవాళ్లకు ఎందుకో!

పశ్చిమాన ఇంకో చిక్కు. ఆ ప్రాంతపు సగటంటే చాలామటుకు నైజీరియానే. 2016లో చమురు ధర పడిపోయి నైజీరియా 1.6 శాతం కుంగితే పశ్చిమ ఆఫ్రికా మొత్తం మూలపడ్డట్టు రాశారు. అదే ఏడాది కోత్ దివ్వార్, సెనెగల్ 6 శాతానికి పైగా పెరిగాయి.

శాతాల మాయ అంతటితో ఆగదు. 2011 తిరుగుబాటులో చమురు ఉత్పత్తి నిలిచిపోయి లిబియా ఆర్థిక వ్యవస్థ దాదాపు సగానికి పడిపోయింది. మరుసటి ఏడాది బావులు తెరవగానే ఏ దేశమూ కలలో కూడా చూడని వృద్ధి రేటు నమోదై, ఉత్తర ఆఫ్రికా సగటును పైకి లాగింది. పడినవాడు లేచి నిలబడితే దాన్ని ఎత్తుగెంతు రికార్డుగా రాసుకున్నాం. రువాండా 2023లో 8 శాతానికి పైగా పెరిగింది, సంతోషమే. దాని ఆర్థిక వ్యవస్థ సుమారు 1,400 కోట్ల డాలర్లు కాబట్టి ఆ ఏడాది అదనంగా చేరింది 110 కోట్ల డాలర్ల పైచిలుకు. కరెంటు కోతలతో సతమతమై ఒక్క శాతం కూడా పెరగలేకపోయిన దక్షిణాఫ్రికాలో ఆ ఒక్క శాతమంటేనే 380 కోట్లు. జనాభా సంగతి సరేసరి. టాంజానియా, ఉగాండాల్లో జనం ఏటా 3 శాతం దాకా పెరుగుతున్నారు. మారిషస్‌లో పెరుగుదల దాదాపు సున్నా. 5 శాతం వృద్ధి టాంజానియా ఇంటికి చేరేసరికి 2 శాతమవుతుంది.

ఆ అంకెలైనా గట్టివా? 2014 ఏప్రిల్‌లో నైజీరియా ఆధార సంవత్సరాన్ని 1990 నుంచి 2010కి మార్చి, సెల్‌ఫోన్లనూ సినిమా పరిశ్రమనూ సరిగా లెక్కలోకి తెచ్చేసరికి జీడీపీ ఒక్క ప్రకటనతో 89 శాతం పెరిగి, దక్షిణాఫ్రికాను దాటేసింది. 2010లో ఘనా ఇలాగే 60 శాతం ఉబ్బింది. మనకూ ఇది తెలిసిన తంతే: 2015 జనవరిలో కొత్త ఆధార సంవత్సరంతో మన 2013-14 వృద్ధి 4.7 నుంచి 6.9 శాతమైంది. జీఎస్‌డీపీ శాతాల మీద మన రెండు తెలుగు రాష్ట్రాల శాసనసభల్లో జరిగే రభస సరేసరి.

పెట్టుబడిదారుకు ఏదో ఒక కొలత కావాలి కదా అంటారు. కావాలి. దేశం పేరుతో, తలసరి లెక్కన, అయిదేళ్ల సగటుగా, ఏ ఆధార సంవత్సరమో పక్కనే చెబుతూ ఇవ్వండి. శీర్షిక చప్పగా ఉంటే ఉంటుంది. అప్పుడైనా ఒక్క అంకె కథంతా చెప్పదు. తూర్పు ఆఫ్రికా ఖ్యాతికి మూలస్తంభం ఇథియోపియానే తీసుకోండి. అక్కడ వేసిన రోడ్లు, అడిస్ అబాబా-జిబూటి రైలు మార్గం, నైలు నది మీద కట్టిన ఆనకట్ట కళ్లకు కనిపించే నిజాలే, వాటిని కాదనను. కానీ రెండేళ్ల టిగ్రే యుద్ధం ముగిసిన ఏడాదికే, 2023 డిసెంబరులో, ఆ దేశం 3.3 కోట్ల డాలర్ల బాండ్ల వడ్డీ కిస్తీ కట్టకుండా చేతులెత్తేసింది. 2024 జులైలో మారకపు రేటును మార్కెట్‌కు వదిలేస్తే దాని కరెన్సీ బిర్ కొన్ని నెలల్లోనే సగానికి పైగా విలువ పోగొట్టుకుంది. ఆ రెండు ఘటనలకూ చోటిచ్చిన ఆర్థిక సంవత్సరాల్లో ఇథియోపియా అధికారిక వృద్ధి రేటు 7 శాతం పైనే.