అమ్మ సీటు వేడెక్కించే ముందు...

మిన్నెసోటా చలి గురించి ఇక్కడ ఉండేవాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. జనవరిలో మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ అంటే మామూలే. రెండేళ్ల క్రితం మా రెండో పాప పుట్టినప్పుడు అమ్మ తెనాలి నుంచి వచ్చింది. నా పాత కారులో హీటెడ్ సీట్లు లేవు. "సీటు మంచుగడ్డలా ఉంది నాయనా" అని ఒకసారి అంది. ఆ రాత్రే సిగరెట్ లైటర్ సాకెట్‌కు తగిలించే హీటింగ్ కుషన్ ఒకటి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాను.

ఆ శనివారం వుడ్‌బరీ నుంచి మేపుల్ గ్రోవ్ గుడికి బయల్దేరాం. ముప్పావు గంట ప్రయాణం. కుషన్ 'హై'లో పెట్టి, "హాయిగా ఉందా అమ్మా?" అని అడిగాను. "బాగుందిరా" అంది. తిరుగు ప్రయాణంలోనూ అలాగే వచ్చాం. ఇంటికొచ్చాక మా ఆవిడ చూసింది. అమ్మ తొడ వెనక ఎర్రగా కమిలిపోయి, ఒకచోట బొబ్బ లేచింది. అమ్మకు ఇరవై ఏళ్లుగా షుగర్. కాళ్లలో స్పర్శ తగ్గింది. కాలుతున్న సంగతే ఆమెకు తెలియలేదు. ఆ పుండు మానడానికి మూడు వారాలు పట్టింది. "నువ్వేం కావాలని చేశావా" అని ఆమే నన్ను ఓదార్చింది.

కాలాలంటే నిప్పే తగలక్కర్లేదు. చర్మం 44 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటల తరబడి ఉన్నా కాలుతుంది. వేడి పెరిగేకొద్దీ ఆ గంటలు నిమిషాలవుతాయి. స్పర్శ బాగా ఉన్నవాళ్లు చురుక్కుమనగానే కదులుతారు. షుగర్‌తో నరాలు దెబ్బతిన్నవాళ్లకు, పక్షవాతం వచ్చినవాళ్లకు ఆ చురుక్కు తెలియదు. చంటిపిల్లలు చెప్పలేరు. సీటు హీటర్ల వేడికి గరిష్ఠ పరిమితి పెట్టాలని కాలిన గాయాల వైద్యులు, భద్రతా నిపుణులు 2011లోనే ఇక్కడి రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏను కోరారు. షుగర్ లేని తెలుగు ఇల్లు వెతికినా దొరకని రోజుల్లో ఇది మనకు దూరపు విషయం కాదు.

కుషన్ పారేశాక నాలోని ఇంజినీరు ఊరుకోలేదు. సీటు తొడుగు కింద అతికించే హీటర్ ప్యాడ్లు కొని, వీడియో చూసి, నేనే బిగిద్దామనుకున్నాను. షాపులో చేయిస్తే కొన్ని వందల డాలర్లవుతుంది. మాస్టర్స్ చేసినవాడికి నాలుగు వైర్లు కలపడం ఒక లెక్కా అనిపించింది. కారు మాన్యువల్, కిట్‌తో వచ్చిన కాగితాలు తీరిగ్గా చదివాక ఆ ధీమా తగ్గింది.

మొదటిది కరెంటు. కూర్చునే భాగానికి 50 వాట్లు, వీపు భాగానికి 50 వాట్లు అనుకుంటే, 12 వోల్టుల కారులో ఒక్క సీటుకే 8 ఆంపియర్లు దాటుతుంది. రెండు సీట్లకు దాదాపు 17. దొరికిన వైరుకల్లా దీన్ని తగిలిస్తే ఆ వైరు వేడెక్కుతుంది. అందుకే దీనికి తగిన మందం ఉన్న విడి వైరు, కరెంటు తీసుకునే చోటికి దగ్గరగా విడి ఫ్యూజ్, ఇంజిన్ ఆపితే హీటరూ ఆగిపోయేలా రిలే ఉండాలి. ఊళ్లో ఫ్యూజ్ పోతే రాగి తీగ చుట్టి లైటు వెలిగించిన తరం మనది. కారులో 10 ఆంపియర్ల ఫ్యూజ్ పోయిందని 20 పెట్టడం కూడా అదే పని. ఫ్యూజ్ ఉన్నది వైరు అంటుకోకుండా కాపాడటానికి.

రెండోది ఎయిర్‌బ్యాగ్. చాలా కార్లలో సీటు పక్క అంచులోనే సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. గుద్దుకున్న క్షణంలో అక్కడి కుట్టు చీలి అది బయటికి రావాలి. తొడుగు విప్పి మన చేత్తో మళ్లీ కుట్టినా, పైన ఇంకో కవర్ తొడిగినా దానికి అడ్డు పడొచ్చు. సీటు కింద పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్‌వి. బ్యాటరీ తీయకుండా, మాన్యువల్ చెప్పినంతసేపు ఆగకుండా వాటి జోలికి పోకూడదు. ముందు ప్రయాణికుడి సీటులో ఎంత బరువు ఉందో పసిగట్టే సెన్సర్ చాలా కార్లలో కుషన్ లోపలే ఉంటుంది. దాని మీద ప్యాడ్ పరిస్తే లెక్క తప్పొచ్చు. అప్పుడు పెద్దవాళ్లు కూర్చున్నా ఎయిర్‌బ్యాగ్ ఆఫ్‌లోనే ఉండిపోయే ప్రమాదం ఉంది.

మూడోది ప్యాడ్. అది మడత పడినా, లోపలి తీగ నలిగినా ఆ ఒక్క చోటే వేడి పోగవుతుంది. తరవాత ఎవరైనా సీటు మీద మోకాలు ఆనించి వెనక సీట్లోని సామాను అందుకున్నా అదే జరగొచ్చు. వేడిని గమనించి తనంతట తానే ఆపే థర్మోస్టాట్, కొంతసేపటికి ఆగిపోయే టైమర్ లేని కిట్ ఎంత చౌకగా వచ్చినా వద్దు.

హీటెడ్ సీట్లే వద్దని నేననడం లేదు. ఈ చలిలో అవి విలాసం కావు. నా డ్రైవర్ సీటుకు చివరికి ఆటో అప్‌హోల్‌స్టరీ షాపులో పెట్టించుకున్నాను. మా మోడల్‌లో ఎయిర్‌బ్యాగ్ ఎక్కడుందో, ఫ్యూజ్ ఎక్కడ పెడతారో ముందే అడిగాను. తడుముకోకుండా చెప్పాకే తాళం ఇచ్చాను. మన పనిలో తప్పు దొర్లితే పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్తాం. చీలని కుట్టుకు, కాలిన చర్మానికి ఆ వీలు లేదు. ఇలాంటి చోట డబ్బు మిగుల్చుకోవడం తెలివి కాదన్నదే నా అభిప్రాయం.

ఇక షుగర్ ఉన్న పెద్దవాళ్ల విషయంలో ఎవరు బిగించారన్నది కాదు ప్రశ్న. కంపెనీ నుంచి వచ్చిన హీటెడ్ సీటైనా వాళ్లకు ఆపేయండి, లేదా 'లో'లో పెట్టి కాసేపటికే ఆపండి. "వేడిగా ఉందా?" అని అడిగి ఊరుకోవద్దు. వాళ్లకు తెలియకపోవచ్చు. తెలిసినా, కొడుకు ముచ్చటపడి పెట్టాడని చెప్పకపోవచ్చు.

ఈ డిసెంబరులో అమ్మ మళ్లీ వస్తోంది. బయల్దేరే పది నిమిషాల ముందు కారును గరాజ్ బయటికి తీసి, హీటర్ వేసి ఉంచుతాను. మూసిన గరాజ్‌లో ఇంజిన్ నడిపితే విషవాయువు చేరుతుంది, అదీ మరవకూడదు. అమ్మ కూర్చునేది వెనక, పాప పక్కన. ఒళ్లో కప్పుకోవడానికి ఒక ఉన్ని దుప్పటి ఇప్పటికే డిక్కీలో పెట్టాను.